బండి ఆగే చోటు

కరెంటు కారు కొన్నవారిని మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. ధర అడిగేవారు తక్కువ, సుఖం అడిగేవారు మరీ తక్కువ. "దారిలో కరెంటు అయిపోతే ఏం చేస్తారండీ?" అని మాత్రం అందరూ అడుగుతారు. అడిగేటప్పుడు వారి ముఖాన జాలికంటె ఉత్సాహమే కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. తాము కొనకపోవడం ఎంత మంచి పని అయిందో ఇతరుల నోట వినాలని ఎవరికి వుండదు?

నిజానికి ఈ భయం కారుతోపాటే పుట్టింది. 1888 ఆగస్టులో జర్మనీ దేశంలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, ఆయనతో మాటమాత్రమైనా చెప్పకుండా మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. దూరం సుమారు 100 కిలోమీటర్లు. సగం దారి కూడా కాకముందే ఇంధనం అడుగంటింది. ఆమె కంగారుపడలేదు. వీస్లాఖ్ అనే వూళ్ళో మందుల దుకాణం ముందు బండి ఆపి, బట్టల మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రవాన్ని కొని బండిలో పోయించింది. అంటే ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకు ఒక మందుల షాపన్నమాట! పుట్టింటికి బయలుదేరిన ఆడకూతురును ఆపగల శక్తి ఏ కొరతకూ లేదని ఆనాడే రుజువయింది.

ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1900 ప్రాంతాన, అమెరికా నగరాల్లో కరెంటు కార్లు పెట్రోలు కార్లకు ఏమాత్రం తీసిపోకుండా తిరిగేవి. చప్పుడు లేదు, వాసన లేదు, ముందు నిలబడి ఇనపకమ్మీ తిప్పే అవస్థ లేదు. కాని 1912లో కాడిలాక్ కారుకు మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు వచ్చింది. పెట్రోలు వూరూరా దొరకసాగింది. కరెంటు మాత్రం పట్నం పొలిమేర దాటలేదు. దారిలో ఆగేచోటు లేక కరెంటు కారు మూలపడింది. మన దేశంలో 2001లో బెంగుళూరు నుంచి రేవా అనే బుల్లి కారు వచ్చింది గాని, అదీ వూళ్ళో తిరగడానికే తప్ప వూరు దాటడానికి పనికిరాలేదు. బండి ఎంత గొప్పదైనా, దాని భవిష్యత్తు దారిప్రక్కన ఏముందన్నదాని మీద ఆధారపడుతుంది.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. హైదరాబాదు నుంచి పడమరగా బిజాపూరు పోయే రోడ్డు చూడండి. మొయినాబాదు, చేవెళ్ళ ఈ దారిలోనివే. అప్పా జంక్షను నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడుగునా రోడ్డుకు రెండు ప్రక్కలా మర్రిచెట్లు. ప్రకృతి ప్రేమికులు లెక్కపెడితే 900 దాకా తేలాయి. నాటినవారి పేర్లు ఎవరికీ తెలియవు. ఎద్దులబండిని విడిచి, ఎడ్లకు గడ్డివేసి, సద్దిమూట విప్పుకునే బాటసారిని దృష్టిలో పెట్టుకుని నాటారన్నది మాత్రం స్పష్టం. చెట్టు నీడ, చలివేంద్రం, సత్రం అరుగు—ఈ మూడూ వుంటేనే వెనుకటి వాళ్ళు దాన్ని బాట అన్నారు. 2003 ఏప్రిల్ 9న వై.యస్. రాజశేఖరరెడ్డి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర మొదలుపెట్టినదీ ఈ చేవెళ్ళనుంచే. అంత దూరం నడిచే మనిషికైనా గుక్కెడు మజ్జిగ ఇచ్చే ఇల్లు దారిలో వుండాలి గదా. కరెంటు కారు అడిగే మజ్జిగ కరెంటు. అంతే తేడా.

ఆదివారం వచ్చిందంటే పట్నంలోని కార్లలో సగం ఈ దారినే పడ్డవా అనిపిస్తుంది. కొందరు చిలుకూరు బాలాజీ గుడికి, కొందరు గండిపేట గాలికి, కొందరు మూసీనది పుట్టిన అనంతగిరి కొండలకు. వీరికోసం హోటళ్ళ ముంగిళ్ళలోనూ, తోటల ప్రక్కనా నిలువెత్తు ఇనుప పెట్టెలు కొన్ని వెలిశాయి. వాటికి లావుపాటి గొట్టం, గొట్టం చివర పిడి. దాన్ని 'గన్ను' అంటున్నారు. అటువంటి ఒక పెట్టె దగ్గర మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఆమె నన్ను పిలిచి అడిగింది: "గదేంది సార్, కారుకు గ్లూకోజు ఎక్కిస్తున్నరా?"

నేను విన్నవాటిలో ఇంతకంటె చక్కని వివరణ లేదు. ఇంట్లో మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుకు కారును తగిలిస్తే గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. 40 యూనిట్ల బ్యాటరీ నిండడానికి రాత్రి చాలక తెల్లవారిన తర్వాత కూడా కొంతసేపు పడుతుంది. అది నోటితో గంజి త్రాగించడంవంటిది. మన ఇళ్ళకు వచ్చేది ఏ.సీ. కరెంటు, బ్యాటరీ పుచ్చుకునేది డీ.సీ. కరెంటు. ఈ మార్పిడి చేసే యంత్రం కారులో చిన్నది గనుక పని నెమ్మది. రోడ్డుప్రక్క పెట్టెలో ఆ యంత్రమే చాలా పెద్దది. మార్పిడి బయటనే ముగించి తిన్నగా బ్యాటరీకి ఎక్కిస్తుంది. అచ్చంగా గ్లూకోజు ఎక్కించినట్టే. 60 కిలోవాట్ల పెట్టె అయితే 40 యూనిట్ల బ్యాటరీని పదో వంతు నుంచి ఎనభై పాళ్ళకు తెచ్చేందుకు అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. అదే పెట్టెకు రెండో గన్ను వుండి ఇంకో కారు వచ్చి తగులుకుంటే, తరచు కరెంటు చెరిసగమవుతుంది. అప్పుడు ఆలస్యానికి ఎవరినీ తిట్టి లాభం లేదు.

ఎనభై దాటిన తర్వాత ఎందుకు నత్తనడక నడుస్తుందంటారా? గోనెసంచిలో వడ్లు పోసి చూడండి. ముప్పాతిక భాగం గబగబా నిండుతుంది. ఆపైన కుదించి, అదిమి, గుప్పెడు గుప్పెడు వేయాలి. బ్యాటరీ సంగతీ అంతే. చివర తొందరపెడితే వేడెక్కి ఆయువు తగ్గుతుంది గనుక కారే తనంతట తాను కరెంటు తగ్గించుకుంటుంది. చిలుకూరు వెళ్ళే భక్తులకు ఇది సులువుగా బోధపడుతుంది. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణాలు, తీరిన తర్వాత 108. పదకొండుకు వేగపు చార్జింగు, నూటయెనిమిదికి మామూలు చార్జింగు సరిపోతాయి!

ఖర్చు మాట. అటువంటి కారు మన రోడ్లమీద నిండు బ్యాటరీతో ఇంచుమించు 250 కిలోమీటర్లు పోతుందనుకుందాం. ఇంట్లో చార్జి చేసుకుంటే మూడు నాలుగు వందల రూపాయలు. రోడ్డుమీద యూనిటు ఇరవై రూపాయలకు అటూ ఇటూగా వుంటుంది గనుక దానికి రెట్టింపు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు ఇంతే దూరానికి దాదాపు 17 లీటర్లు కావాలి. లీటరు ధర నేను చెప్పనక్కరలేదు. అనంతగిరికి వెళ్ళిరావడం రెండువందల కిలోమీటర్ల లోపు మాటే. ఇంట్లో నింపుకుని బయలుదేరినవారికి దారిలో ఈ పెట్టెలతో పనే పడదు. బిజాపూరు గోల్‌గుంబజ్ చూడబోయేవారికి మాత్రం ఒకటి రెండు మజిలీలు తప్పవు.

మజిలీలు ఎంతెంత దూరాన వుండాలో కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ 2018 డిసెంబరులోనే చెప్పింది. రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగు కేంద్రం, బస్సులకూ దూరప్రయాణాలకూ తగిన పెద్ద వేగపు కేంద్రం ప్రతి 100 కిలోమీటర్లకు ఒకటి. చార్జింగు కేంద్రం పెట్టడానికి విద్యుత్తు లైసెన్సు అవసరం లేదని కూడా ఆ ఏడే స్పష్టం చేశారు. అంటే రోడ్డుప్రక్క జాగా వున్న రైతయినా, హోటలు యజమాని అయినా పెట్టుకోవచ్చు. 2024లో ప్రకటించిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో 10,900 కోట్లలో 2,000 కోట్లు ఈ కేంద్రాలకే కేటాయించారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయించారు. కార్లు పెరిగాయి. కాగితం మీది కేంద్రం రోడ్డు మీద పని చేయాలి గదా. చిక్కంతా అక్కడ వున్నది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కళ్ళారా చూసిన సంగతి. గన్నులు రెండు, ఒకదానికి 'పనిచేయదు' అని కాగితం అంటించి వున్నది. కార్లు నాలుగు. రెండో గన్నుకు తగిలించిన కారు తొంభై దాటి తీరిగ్గా తాగుతున్నది. యజమాని లోపల భోజనం చేస్తున్నాడు. వరుసలో వున్న ఒక కారులో చంటిబిడ్డ ఏడుస్తున్నాడు. నీడ లేదు. ఆడవాళ్ళు వెళ్ళడానికి శుభ్రమైన చోటు లేదు. ఆ పెట్టెకు డబ్బు కట్టాలంటే ఫోనులో వారి యాప్ వుండాలట. ఇంకో కంపెనీ పెట్టెకు ఇంకో యాప్. చిలుకూరు స్వామికి హుండీయే లేదు. ఇక్కడ ముందు సొమ్ము చెల్లిస్తేగాని మీట వెలగదు! పెట్రోలు బంకులో ఎవరైనా 'మా కంపెనీ చీటీ వుంటేనే పోస్తాం' అంటే మనం వూరుకుంటామా?

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. 60 కిలోవాట్లంటే ఐదు హార్స్‌పవర్ బోరు మోటార్లు పదహారు ఒక్కసారి తిప్పినంత. చేవెళ్ళ చుట్టుప్రక్కల టమాటా, కారెట్, బంతి, గులాబి అన్నీ బోరు నీళ్ళతోనే బ్రతుకుతున్నవి. రైతు మోటారు తిరిగే తీగకే పట్నపు కార్ల గొట్టాన్ని తగిలిస్తే తోట ఎండుతుంది. కేంద్రానికి వేరే ట్రాన్స్‌ఫార్మరు, వేరే తీగ వుండాలని గ్రామస్థులు పట్టుపట్టడం న్యాయం. పొగ లేని బండి అని మనం మురిసిపోవడం కూడా కొంత తగ్గించుకోవాలి. ఆ పొగలో చాలా భాగం రామగుండంలోనూ కొత్తగూడెంలోనూ బొగ్గునుంచి లేస్తున్నది. అయితే గండిపేట, హిమాయత్‌సాగర్‌ల నీటివాలులో వున్న ఈ నేల క్రింద నూనె ట్యాంకులు పాతనక్కరలేకపోవడం మాత్రం నిజమైన లాభమే. 1908 మూసీ వరదల తర్వాత ఆ చెరువులను కట్టించారు. 1920లో ఒకటి, 1927లో ఒకటి. వాటిని కాపాడాలనే 1996లో 111వ నెంబరు జీవో వెలువడింది.

ఇక రోడ్డు మాట. 2025 నవంబరు 3 తెల్లవారుజామున చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద కంకరలారీ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. రోడ్డు వెడల్పు కావాలన్నవారి మాట ఎంత నిజమో ఆ రోజు అందరికీ తెలిసింది. మర్రిచెట్లు కూల్చవద్దంటూ గ్రీన్ ట్రిబ్యునల్‌దాకా వెళ్ళినవారి మాటా అబద్ధం కాదు. చివరకు చాలా చెట్లను వున్నచోటనే నిలిపి, దారిని సవరించి రోడ్డు వేయడానికి అంగీకారం కుదరడం మంచిపని. ప్రాణమూ దక్కాలి, నీడా దక్కాలి. ఆ రెండూ కావాలనేవారు చార్జింగు కేంద్రాలను కూడా అలాగే అడగాలి. కోరవలసినవి పెద్దవేమీ కావు: పనిచేసే గన్ను, ఏ ఫోనుతోనైనా చెల్లించే వీలు, నీడ, మంచినీళ్ళ కుండ, తాళం వేయని మరుగుదొడ్డి, రాత్రిపూట దీపం.

కంకులామెను అడిగాను, ఈ పెట్టె వచ్చిన తర్వాత బేరం ఎలా వుందని. "పెట్రోలు బండ్లు ఇట్లొచ్చి అట్ల పోతయి సార్. గియి అరగంట నిలవడతయి. పిల్లలు కంకి అడుగుతరు," అన్నది. మూడు నిమిషాల్లో కంకి కాలదు. అరగంటలో నాలుగు కాలుతాయి. ఈ కొత్త చలివేంద్రం సొమ్మంతా గాజుతలుపుల హోటలుకే చేరకుండా, ఆమె కుంపటికీ నాలుగు గజాల నీడ చోటు దొరకాలి. రోడ్డు వెడల్పయ్యేటప్పుడు ముందుగా లేపేసేది ఆమెనే.

ప్రయాణం కట్టే పాఠకులకు మూడు ముక్కలు. బయలుదేరే ముందు ఇంట్లోనే నింపుకోండి. దారిలో ఒక కేంద్రం కాక రెండు గుర్తుపెట్టుకోండి. మొదటిది మొరాయించినా రెండోదాకా వెళ్ళే బ్యాటరీ వుండగానే ఆగండి. ఎనభై కాగానే గన్ను తీసి బండి ప్రక్కకు పెట్టండి. వెనుక కారులో ఎవరి చంటిబిడ్డ ఏడుస్తున్నాడో మనకు తెలియదు.