ఫోన్ల పంతం.. రియాళ్ల లెక్క

సౌదీ అరేబియాలో సొంత దుకాణాలు తెరుస్తామని యాపిల్ 2024 డిసెంబర్‌లో ప్రకటించింది. ముందు ఆన్‌లైన్ స్టోర్, 2026 నుంచి షోరూములు, ఆ తర్వాత రియాద్ పక్కనే ఉన్న చారిత్రక దిరియాలో ఒక ప్రత్యేక స్టోర్. ఇదీ ఆ ప్రకటన సారాంశం. అన్నట్టుగానే 2025 జులైలో ఆన్‌లైన్ స్టోర్ వచ్చేసింది. అది మొదలు ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో ఐఫోన్ వర్గానికి ఎక్కడలేని ఊపు వచ్చింది. మరి ఆండ్రాయిడ్ వర్గం ఊరుకుంటుందా? బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, వంద రెట్లు జూమ్ చేస్తే చందమామ మీద గుంతలు కనిపిస్తాయా లేదా, ఎవరు ఎవరిని చూసి కాపీ కొట్టారు... అర్ధరాత్రి దాకా ఇదే గోల.

తూర్పు ప్రాంతంలో దమ్మామ్, జుబైల్ మధ్య తిరుగుతూ నేను ఈ గోల చాలా ఏళ్లుగా చూస్తున్నాను. కాంపౌండ్లలో ఉండే ఇంజనీర్ల ఇళ్లలో ఒక రకం, ఇండియన్ స్కూలు పిల్లల మధ్య ఇంకో రకం, లేబర్ క్యాంపుల్లో మరో రకం. మనవాళ్లకు వర్గాలు కట్టడం కొత్తా? ఎన్టీఆర్, కృష్ణ అభిమానుల నాటి నుంచి బెనిఫిట్ షోల దాకా చూసిన జాతి మనది. కాకపోతే హీరో అభిమానికి టికెట్టు, పూలదండ, కాస్త పాలు పోస్తే సరిపోయేది. ఫోన్ అభిమానికి అయ్యే ఖర్చు వేరు. అసలు లెక్క అక్కడే మొదలవుతుంది.

భారత ప్రభుత్వం సౌదీకి వచ్చే మన కార్మికుల కోసం నిర్ణయించిన కనీస రిఫరల్ వేతనం నెలకు 1,500 రియాళ్లు. 2020 సెప్టెంబర్‌లో దాన్ని 324 డాలర్లకు, అంటే సుమారు 1,215 రియాళ్లకు తగ్గించారు. తెలంగాణ హైకోర్టులో కేసు పడింది, గల్ఫ్ కార్మిక సంఘాలు గట్టిగా పట్టుబట్టాయి, మరుసటి ఏడాది ఆ ఉత్తర్వు వెనక్కి వెళ్లింది. నెలకు మూడు వందల రియాళ్ల కోసం అంత పోరాటం చేయాల్సి వచ్చింది. ఐఫోన్ ప్రో మ్యాక్స్ కొత్తది కొనాలంటే ఐదు వేల రియాళ్ల పైమాటే. తిండి, రీచార్జి, ఇంటికి పంపే డబ్బు అన్నీ మానేసినా మూడు నెలల జీతం చాలదు. అయినా క్యాంపుల్లో ఐఫోన్లు కనిపిస్తాయి. చీటీ పాడి కొన్నవాళ్లున్నారు, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి పేరు మీద కిస్తీల్లో తీసుకున్నవాళ్లున్నారు.

వాళ్లను తప్పుపట్టడం తేలిక. నేనైతే పట్టను. ఎనభైల్లో దుబాయ్ నుంచి దిగినవాడి భుజాన టేప్‌రికార్డర్ ఉండేది, తర్వాత వీసీఆర్, ఆ తర్వాత హ్యాండీక్యామ్. ఊళ్లో బస్సు దిగేటప్పుడు చేతిలో ఉన్న వస్తువే ‘వీడు అక్కడ బాగానే ఉన్నాడు’ అని నలుగురికీ చెప్పేది. ఎండలో చేసిన పని ఎవరికీ కనిపించదు, వస్తువు కనిపిస్తుంది. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. అందుకే క్యాంపులో జరిగే ఐఫోన్, శాంసంగ్ గొడవలో కెమెరా ఒక సాకు మాత్రమే. పెళ్లికాని తమ్ముడు ఏది అడిగాడు, బావమరిది దగ్గర ఏది ఉంది అన్నవే దాన్ని తేల్చేస్తాయి.

ఇంకో తమాషా చూడండి. ఇక్కడ 2018 జనవరిలో వ్యాట్ 5 శాతంతో మొదలై, 2020 జులై నుంచి 15 శాతమైంది. భారత్‌లో ఫోన్లపై జీఎస్టీ 18 శాతం. అటూ ఇటూ పన్నులు కట్టుకుంటూ మనవాడు ఇక్కడి నుంచి మోసుకెళ్లే ఐఫోన్, మన పొరుగున తమిళనాడులోని శ్రీపెరంబుదూర్‌లోనో, కర్ణాటకలోని నరసాపురలోనో బిగించినదే కావచ్చు. క్యాంపులో చిన్నచూపు చూసే షావోమీకి కూడా మనతో చుట్టరికం ఉంది. భారత్‌లో తయారైన తొలి రెడ్‌మీ ఫోన్‌ను ఆ కంపెనీ 2015 ఆగస్టులో విశాఖపట్నంలోనే విడుదల చేసింది. తయారైంది తిరుపతి దగ్గరి శ్రీసిటీలో. హైదరాబాద్‌లో పుట్టిన సెల్‌కాన్ కూడా అదే ఏడాది మేడ్చల్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. సెల్‌కాన్‌కు మాత్రం అభిమాన సంఘం కట్టినవాళ్లెవరూ నాకు తగల్లేదు.

సౌదీలో ఏ ఫోను గెలవాలో అభిమానులు నిర్ణయించిన సందర్భాలు తక్కువ. ఎక్కువసార్లు సర్కారు ఉత్తర్వే నిర్ణయించింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది తెలియదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను. 2004లో ఇక్కడ కెమెరా ఉన్న ఫోనే నిషేధం. ఆడవాళ్ల పెళ్లి విందుల్లో దొంగచాటుగా ఫొటోలు తీస్తున్నారన్నది కారణం. ఆ ఏడాది చివర్లో నిషేధం ఎత్తేశారు. పెట్రోకెమికల్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లకు కెమెరా ఫోన్ ఇప్పటికీ గేటు బయటి వస్తువే అనుకోండి, అది వేరే సంగతి.

2010 ఆగస్టు నాటికి బ్లాక్‌బెర్రీ మోజు శిఖరాన ఉంది. అప్పటి వార్తల లెక్కన సౌదీలోనే ఏడు లక్షల మంది వినియోగదారులు. నంబరు ఇచ్చిపుచ్చుకోవడం పాతబడిపోయి ‘పిన్’ ఇచ్చిపుచ్చుకునేవారు. సందేశాలను తాము చూడలేకపోతున్నామంటూ ఆగస్టు 6 నుంచి మెసెంజర్‌ను ఆపేస్తామని సౌదీ టెలికాం నియంత్రణ సంస్థ ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే కంపెనీతో ఒప్పందం కుదిరి సేవలు కొనసాగాయి. అదే నెలలో భారత ప్రభుత్వం కూడా అదే కంపెనీకి ఆగస్టు 31 గడువు పెట్టింది. రెండు దేశాల మధ్య నలిగింది మనలాంటివాళ్లమే. ఆ తర్వాత కొన్నేళ్లకే బ్లాక్‌బెర్రీ తనంతట తానే కనుమరుగైంది. దాని కోసం కొట్టుకున్న వీరాభిమానులు ఇప్పుడు ఏ వర్గంలో ఉన్నారో వాళ్లనే అడగాలి.

ఇంటర్నెట్ కాల్స్ కథ ఇంకా దగ్గరిది. 2013 జూన్‌లో వైబర్‌ను ఆపేశారు. వాట్సాప్ కాల్ కలవదు, స్కైప్ కలవదు. తక్కువ నెట్‌లోనూ పలికే ‘ఇమో’ను క్యాంపుల్లో అందరూ నమ్ముకున్నది ఆ రోజుల్లోనే. ఇక్కడ అమ్మిన ఐఫోన్లలో ఫేస్‌టైమ్ ఉండేదే కాదు. అందుకే బజారులో ఒకే మోడల్‌కు రెండు ధరలు చెప్పేవారు. ఫేస్‌టైమ్ ఉన్నదైతే ఒక ధర, లేనిదైతే ఇంకో ధర. బయటి దేశం నుంచి తెచ్చిన సెట్టుకు గిరాకీ. 2017 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్‌పై ఆంక్షలు సడలించారు, 2018లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఫేస్‌టైమ్ కూడా వచ్చింది. ఐఫోన్ కొన్నవాడు అంతకుముందు తన ఇంటివాళ్ల ముఖం చూడాలంటే పక్క మంచం మీది చౌక ఆండ్రాయిడ్‌లోని ఇమోనే అడిగి తీసుకునేవాడు.

అన్నింటికంటే మనవాళ్లను గట్టిగా దెబ్బకొట్టింది 2016. ఆ ఏడాది మార్చిలో, మొబైల్ ఫోన్ల అమ్మకం, రిపేరు, విడిభాగాల దుకాణాలన్నిట్లో సౌదీలే పనిచేయాలని కార్మిక శాఖ ఉత్తర్వు ఇచ్చింది. జూన్ 6 నాటికి సగం మంది, సెప్టెంబర్ 2 నాటికి నూటికి నూరు శాతం. రియాద్‌లో బతా, ముర్సలాత్, జెద్దాలో బలద్... ఎక్కడ చూసినా అద్దాల పెట్టె వెనక మన నిజామాబాద్, కరీంనగర్ కుర్రాళ్లో, హైదరాబాద్ పాతబస్తీవాళ్లో, కేరళవాళ్లో, యెమెనీలో, బంగ్లాదేశీయులో ఉండేవారు. ఆర్నెల్లలో ఆ ముఖాలు మాయమయ్యాయి. సొంత యువతకు ఉద్యోగాలు ఇవ్వాలనుకోవడం ఆ దేశం హక్కు, దాన్ని ప్రశ్నించలేం. శిక్షణ కేంద్రాలు పెట్టి వేల మంది సౌదీ యువతీ యువకులకు రిపేరు నేర్పించారు కూడా. కానీ గడువు అంత తక్కువైతే, అప్పు చేసి వీసా కొనుక్కుని వచ్చినవాడి గతేమిటి? కఫీల్ వేరే పని చూపిస్తే సరి, లేదంటే ఫైనల్ ఎగ్జిట్.

నాకు తెలిసిన ఆర్మూరు వైపు కుర్రాడొకడు బతాలో ఎనిమిదేళ్లు సెట్లు విప్పి బిగించాడు. శుక్రవారం సాయంత్రం అతని కౌంటరు ముందు రెండు వర్గాలూ నిలబడి వాదించుకునేవి. అతను మాత్రం ఎవరి పక్షమూ కాదు. అతనికి తెలిసిన బ్రాండు తేడాలు మూడే: ఏ తెర ఎంతకు దొరుకుతుంది, ఏ బ్యాటరీ ఊడదీయడం కష్టం, ఏ సెట్టు నీళ్లలో పడితే బతుకుతుంది. 2016 వేసవిలో వెళ్లిపోయాడు. కొన్నాళ్లు హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో చేశాడు, తర్వాత సొంతూరి దగ్గర చిన్న దుకాణం పెట్టుకున్నాడు. అతనిలాంటివాళ్లు వెళ్లాక మనవాళ్లకు తెలుగులోనో, ఉర్దూలోనో సలహా చెప్పే మనిషి లేకుండా పోయాడు. ఆ ఖాళీలోకి యూట్యూబ్ రివ్యూలు వచ్చాయి. రివ్యూ చేసేవాడికి అయిదు వేల రియాళ్ల ఫోను ఊరికే వస్తుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

అమెరికాలో ఉన్న మన పిల్లల గొడవ ఇంకో తరహా. అక్కడ మెసేజ్ నీలం బుడగలో వస్తే మనవాడు, ఆకుపచ్చలో వస్తే పరాయివాడు. స్కూల్లో ఆండ్రాయిడ్ పిల్లలను గ్రూపు చాట్‌లో కలుపుకోరని తల్లిదండ్రులు చెబుతుంటారు. 2022లో ఒక సభలో, తన తల్లికి వీడియోలు సరిగా వెళ్లడం లేదని ఒకరు ఫిర్యాదు చేస్తే, ఆమెకు ఐఫోన్ కొనివ్వమని టిమ్ కుక్ సలహా ఇచ్చారు. 2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ యాపిల్‌పై వేసిన గుత్తాధిపత్యం కేసులో ఈ బుడగల ప్రస్తావన కూడా ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన అప్‌డేట్‌తో రెండింటి మధ్య సందేశాలు కొంత మెరుగయ్యాయి, రంగు మాత్రం మారలేదు. సౌదీలోనూ, మన ఊళ్లలోనూ అందరిదీ వాట్సాపే కాబట్టి ఈ బుడగల కులం ఇక్కడికి రాలేదు.

అభిమానులు తిట్టుకుంటుంటే కంపెనీలు మాత్రం చక్కగా వ్యాపారం చేసుకుంటాయి. ఐఫోన్ తెరలు పెద్ద సంఖ్యలో చేసిపెట్టేది శాంసంగ్ గ్రూపే. ఐఫోన్‌లో తన సెర్చ్ ముందుండేందుకు గూగుల్ 2022 ఒక్క ఏడాదిలోనే యాపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు కట్టిందని అమెరికా కోర్టులో బయటపడింది. డబ్బాలో చార్జర్ తీసేసిందని 2020లో యాపిల్‌ను ఎగతాళి చేసిన శాంసంగ్, కొన్ని నెలలు తిరక్కుండానే తానూ తీసేసింది. ఇక ఏ చార్జర్ పిన్ను గొప్పదన్న వాదనకు 2025 జనవరి 1 నుంచి సౌదీ సర్కారే తెరదించింది. ఏ కంపెనీ ఫోనైనా ఇక్కడ అమ్మాలంటే టైప్-సీ ఉండాల్సిందే.

ఇంతకీ సౌదీలో బతికేవాడు ఫోను కొనేటప్పుడు చూడాల్సిందేమిటి? నా లెక్క వేరు. కరోనా రోజుల్లో తవక్కల్నా యాప్ చూపించనిదే మాల్‌లోకి, చాలా దుకాణాల్లోకి అడుగుపెట్టనిచ్చేవారు కాదు. స్మార్ట్‌ఫోన్ లేని కార్మికుడు కూరగాయలకు కూడా పక్కవాడిని బతిమాలుకున్న రోజులవి. ఇప్పుడు అబ్షర్‌లో డిజిటల్ అకామా, ఖివాలో ఉద్యోగ ఒప్పందం, నఫాత్‌లో గుర్తింపు ధ్రువీకరణ. కంపెనీ పెట్టిన ఒప్పందంలో జీతం ఎంత రాశారో చూసుకోవాలన్నా, ఒప్పుకోవాలన్నా, వద్దనాలన్నా ఫోనే. ఇంటికి డబ్బు పంపడానికి బతాలో వరుసలో నిలబడేవాళ్లు తగ్గిపోయి, ఎస్‌టీసీ పే, ఉర్‌పే లాంటి యాప్‌లకు మారారు. సౌదీ నంబరుతోనే ఎన్నారై ఖాతాకు యూపీఐ వాడుకునే వీలు 2023 నుంచి వచ్చింది. ఈ యాప్‌లన్నీ పాత సాఫ్ట్‌వేర్ మీద ఒకరోజు ఆగిపోతాయి. వాట్సాప్ కూడా అంతే, 2025 జనవరిలో ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ ఫోన్లను, మే నెలలో మరీ పాత ఐఫోన్లను వదిలేసింది.

కాబట్టి నన్నడిగితే డబ్బా మీద వెతకాల్సింది మెగాపిక్సెళ్లు కావు, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024లో ఎస్24తో ఏడేళ్ల హామీ ఇచ్చాయి. శాంసంగ్ చౌక మోడల్ ఏ16కే ఆరేళ్ల మాట ఇచ్చింది. యాపిల్ కూడా పాత సెట్లకు చాలా ఏళ్లు అప్‌డేట్లు ఇస్తుందన్న పేరు తెచ్చుకుంది. మరి కొన్ని బ్రాండ్ల చౌక సెట్లు రెండు, మూడేళ్లకే చేతులెత్తేస్తాయి. క్యాంపులో ఉండేవాడికి ఎంత లేదన్నా ఒక ఒప్పందం రెండేళ్లు. రెండో ఒప్పందం సగంలో ఉండగా నఫాత్ తెరుచుకోకపోతే పోయేది ఫోను పరువు మాత్రమే కాదు. ఊరికి తీసుకెళ్లే ఫోనైతే వారంటీ భారత్‌లో చెల్లుతుందా అని బిల్లు కట్టకముందే అడగండి. ఇది కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. బిల్లు జాగ్రత్తగా దాచుకోండి, అసలు అద్దె గదిలో పోగొట్టుకునేది ఎక్కువగా దాన్నే.

ఇంట్లో పిల్లలతో ఈ లెక్క చెప్పి గెలిచే ఆశ నాకు లేదు. స్కూలు బస్సులో పక్కసీటువాడి ఫోను ముందు ఏడేళ్ల హామీ ఏ మూలకు?

దిరియాలో ఆ పెద్ద స్టోర్ తెరుచుకున్న రోజున జుబైల్ నుంచి కూడా కార్లు వేసుకుని వెళ్లే తెలుగు కుర్రాళ్లు నాకు ఇప్పటికే నలుగురైదుగురు తెలుసు. వాళ్లంతా కౌంటరుకు ఇవతలే నిలబడతారు. 2016 నాటి ఆ నిబంధన ఇంకా అమల్లోనే ఉంది.