పిరానాపై అపోహలు తొలగాలి

జంతు ప్రదర్శనశాలల్లో అద్దాల తొట్టి ముందు జనం ఎక్కువసేపు నిలబడేది పిరానా దగ్గరే. నీళ్లలో దిగిన ఎద్దును నిమిషాల్లో ఎముకల గూడు చేస్తుందని పెద్దలు చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకొని వింటారు. ఆ మాటలో నిజం తక్కువ, భయం ఎక్కువ.

పిరానా స్వస్థలం దక్షిణ అమెరికాలోని అమెజాన్ వంటి నదులు. అడుగుకు మించి పెరగడం అరుదు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ బ్రెజిల్ అడవుల్లో తిరిగి వచ్చి 1914లో రాసిన పుస్తకం దీనికి క్రూర జంతువన్న పేరు తెచ్చింది. ఆ తరువాత సినిమాలు ఆ పేరును మరింత పెంచాయి.

శాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. చిన్న చేపలు, తోటి చేపల రెక్కలు, పొలుసులు, పురుగులు, చచ్చిన జీవాలు, నీట పడిన గింజలు దీని ఆహారం. ఇవి గుంపు కట్టేది ప్రధానంగా వేట కోసం కాదనీ, మొసళ్లు, పక్షులు, పెద్ద చేపల నుంచి ప్రాణం కాపాడుకోవడానికనీ 2005లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. తొట్టిలో వేళకు మేత అందే పిరానా మనిషి నీడ పడితేనే బెదిరి మూలకు చేరుతుంది.

అలాగని అది సాధు జీవి కాదు. దాని పళ్లు రంపం వంటివి. నీరు తగ్గి ఆకలిగొన్నప్పుడు, గుడ్లను కాచుకొనేటప్పుడు కరుస్తుంది. 2013 డిసెంబరులో అర్జెంటీనాలోని రొసారియో వద్ద పిరానా జాతి చేపలు స్నానాలు చేస్తున్న అరవై మందికి పైగా కరిచాయి. గాయాలు చాలావరకు కాళ్లకూ చేతులకే.

ఇంత దూరపు చేపతో నగరి ప్రాంతానికి పని ఏమిటని అడగవచ్చు. పని ఉంది. మన సంతల్లో అమ్మే రూప్‌చంద్ చేపను చూసి పిరానా అని బెదిరేవారున్నారు. అది పిరానాకు దూరపు చుట్టమైన పాకు. దాని పళ్లు మనిషి పళ్లలా చదునుగా ఉంటాయి. 2003–04 ప్రాంతంలో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. పుకారు పుడితే నష్టపోయేది దానిని పెంచే రైతు, బుట్ట నెత్తిన పెట్టుకొని అమ్మే ఆడమనిషి.

అసలు ముప్పు మరోచోట ఉంది. సరదాకు కొన్న విదేశీ చేప పెరిగి తొట్టి చాలకపోతే, చంపడానికి మనసొప్పక చెరువులో వదిలేస్తారు. పుణ్యం చేశామనుకుంటారు. ఒంటినిండా గట్టి పెంకుతో ఉండే దెయ్యం చేప ఇలాగే మన రాష్ట్రపు జలాశయాల్లోకి చేరి వలలు చింపుతున్నది. 2018 వరదల తరువాత కేరళ నదుల్లో అమెజాన్ చేపలు వలలకు చిక్కాయి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. మన చెరువులు అలుగు పారితే ఆ నీరు కుశస్థలిలో కలుస్తుంది. కుశస్థలి తమిళనాట పూండి జలాశయం దాకా పోతుంది. ఒక చెరువులో జరిగిన పొరపాటు ఒక చెరువుతో ఆగదు. కొరమీను, జెల్ల వంటి నాటు చేపలు పోతే వల మీద బతికే కుటుంబాలకు దిక్కేది?

కనుక పిరానాను చూపేచోట దాని పేరుతోపాటు నిజ స్వభావం కూడా తెలుగులో బోర్డు మీద రాయాలి. రంగుచేపలు అమ్మేవారు, వద్దనుకున్న చేపను తిరిగి తీసుకొనే ఏర్పాటు చేయాలి. చెరువుల వేలం సమయంలో మత్స్యశాఖ వారు పరాయి చేపల బొమ్మలు చూపి మత్స్యకారులకు వివరించాలి. బడిలో పంతుళ్లు ఒక్క మాట పిల్లలకు నేర్పితే చాలు: కొన్న చేపను చెరువులో వదలరాదు. భయపడవలసింది అద్దం వెనుక ఉన్న చేపకు కాదు, తెలియక దానిని కట్ట దాటించే చేతికి.