పంపు విప్పే ముందు ఫిల్టర్ చూడండి

దేవరగట్టు చుట్టుపక్కల నల్లరేగడిలో తొలివాన పడగానే అందరికీ ట్రాక్టరు కావాలి. సరిగ్గా అప్పుడే బండి లాగదు. ‘పంపు పోయింది’ అన్న మాట వినగానే పంపు విప్పుకుని ఆలూరికో ఆదోనికో పోతాం. తిరిగొచ్చేసరికి పదును ఆరిపోతుంది.

పంపును చివర అనుమానించాలని మేమంటాం. పొగ లేకుండా బలం తగ్గితే చాలాసార్లు డీజిల్ అందడం లేదనే అర్థం: ఫిల్టర్లు, ఫీడ్ పంపు జాలి, ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం, పైపుల్లో ఎయిర్ చూడండి. నల్లపొగ వస్తే ముందు ఎయిర్ క్లీనర్, తర్వాత నాజిళ్లు. ఇంతవరకు స్పానరు పట్టడం తెలిసిన ఎవరైనా చేసుకోవచ్చు.

పంపు సంగతి వేరు. లోపల ప్లంజరుకు, బ్యారెల్‌కు మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్క. చెట్టు కింద విప్పితే దుమ్ము రేణువు చాలు, గీతలు పడతాయి. టెస్ట్ బెంచి లేనిచోట సీలు తెంచనివ్వకండి. స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే నాలుగు రోజులు లాగుతుంది, ఆపైన డీజిల్ ఖర్చూ ఇంజన్ వేడీ రెండూ మనకే.

డ్రమ్ముల్లో నిలవబెట్టిన డీజిల్‌లో నీళ్లు చేరతాయని రైతుకు ఎవరు చెప్పారు? వ్యవసాయ యంత్రాల శిక్షణకు కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. సేద్యం వదిలి అక్కడిదాకా ఎంతమంది పోగలరు? ఖరీఫ్‌కు ముందే ఆ శిక్షణను ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులకు తేవాలి. అక్కడే ఒక టెస్ట్ బెంచి కూడా పెట్టాలి. మన పంట మీద వసూలయ్యే సెస్సులోంచే పెట్టమంటున్నాం.