ఇంకానా, మళ్లీనా?

సెలిన్ డియాన్ అనగానే మనకి ‘టైటానిక్’ పాటే గుర్తొస్తుంది. అంతకు రెండేళ్ల ముందే, 1995లో ఆమె ఫ్రెంచ్‌లో పాడిన ఓ ప్రేమపాట దుమ్ము రేపింది. పేరు ‘పుర్ క్యు తు మెమ్ ఆంకోర్’. ఫ్రాన్స్‌లో 12 వారాలు నంబర్ వన్! ఫ్రెంచ్ పాటలు పెద్దగా ఆడని బ్రిటన్‌లో కూడా టాప్ 10లోకి దూసుకెళ్లింది.

రాసిందీ, ట్యూన్ కట్టిందీ జాన్ జాక్ గోల్డ్‌మన్. సెలిన్‌ది ఆకాశాన్నంటే గొంతు. ఆయన మాత్రం ఆ పవర్ బాగా తగ్గించి పాడించాడు. అందుకే స్టేజీ మీద పాడినట్టుండదు, పక్కన కూర్చుని మనసులో మాట చెప్పినట్టుంటుంది.

దూరమైపోతున్న ప్రియుడి కోసం ఏం చేయడానికైనా సిద్ధపడే అమ్మాయి పాట ఇది. నన్ను పట్టేసింది మాత్రం టైటిల్‌లోని చివరి మాట. ‘ఆంకోర్’ అంటే ‘ఇంకా’ అనీ, ‘మళ్లీ’ అనీ రెండర్థాలు. ‘నన్ను ఇంకా ప్రేమించాలని’ అంటే ప్రేమ మిగిలే ఉంది, జారిపోకుండా కాపాడుకోవాలి. ‘మళ్లీ ప్రేమించాలని’ అంటే అయిపోయింది, మొదట్నుంచి గెలుచుకోవాలి. ఎంత తేడా! తెలుగులో చెప్పాలంటే ఏదో ఒకటి తేల్చేయాలి. సెలిన్ తర్వాత ఇంగ్లిష్‌లోనూ పాడింది కానీ, ఆ టైటిల్‌లో ఈ మెలిక లేదు.

బ్లూ టిక్ పడి కూడా రిప్లై రానప్పుడు మనకొచ్చే డౌటూ ఇదే కదా? ఈసారి లిరిక్స్ వెతక్కుండా వినండి. నాకూ ఫ్రెంచ్ అంతంతమాత్రమే. అయినా ఆ బతిమాలడం తెలిసిపోతుంది.