నేల మీది చదువు

తెలుగువారి ఇళ్లలో పుస్తకానికి ఒక పీఠం ఉండేది. దానినే వ్యాసపీఠం అంటారు. రెండు చెక్కపలకలను కత్తెరవలె ఒకదానిలో ఒకటి దూర్చి చేసిన ఆ చిన్న సాధనం మీద భారతమో భాగవతమో తెరచి, దాని ముందు బాసిపట్టు వేసుకొని పెద్దలు పురాణం చదివేవారు. లెక్కలు రాసే గుమాస్తా ముందు ఏటవాలు మూత గల రాతపెట్టె ఉండేది. వారందరూ కూర్చున్నది నేల మీదనే. కాని చదివే గ్రంథం గాని, రాసే కాగితం గాని నేల మీద ఉండేవి కావు. అంతకు పూర్వం తాటాకుల కాలంలో సైతం ఆకును చేతిలో పట్టుకొని గంటంతో రాశారే తప్ప, నేల మీద పరచి రాయలేదు. “కింద కూర్చోవడం మన సంప్రదాయం, పేదపిల్లలకు బల్లలెందుకు?” అనేవారు ఈ విషయాన్ని గమనించడం లేదు.

పాఠశాలల విషయంలో ఈ లోపాన్ని ప్రభుత్వాలు ఆలస్యంగానైనా గుర్తించాయి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం తన అనుబంధంలో పాఠశాలకు ఉండవలసిన వసతులను వరుసగా పేర్కొన్నది. తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీగోడ, గ్రంథాలయం అందులో ఉన్నాయి. విద్యార్థి కూర్చునే బల్ల మాత్రం లేదు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రారంభమైన ‘నాడు-నేడు’, తెలంగాణలో 2022లో ప్రారంభమైన ‘మన ఊరు-మన బడి’ కార్యక్రమాలలో విద్యార్థుల బల్లలకు చోటు దక్కింది. ఇది ప్రశంసింపదగిన పనియే. అయితే ఆ బల్ల బడి దాటి రాదు. సాయంత్రం ఇంటికి చేరిన పిల్ల తన పని చేసుకొనవలసినది ఒంటిగది ఇంటిలో. వంట, పడక, అతిథి మర్యాద అన్నీ ఆ గదిలోనే జరుగుతాయి. బోర్లా పడుకొని, ఒక మోచేతిపై బరువు మోపి ఆ పిల్ల రాస్తుంది. కాసేపటికి మెడ లాగుతుంది, చేయి తిమ్మిరెక్కుతుంది, అక్షరం వంకర పోతుంది. మరునాడు ఆ వంకర అక్షరాన్ని చూసి ఉపాధ్యాయుడు అశ్రద్ధ అంటాడు.

స్థిరమైన ఇల్లు ఉన్నవారి పరిస్థితియే ఇట్లా ఉండగా, వలస కుటుంబాల పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుండి ఏటా వేలాది కుటుంబాలు పంటకాలం ముగియగానే తెలంగాణలోని పెద్దపల్లి, రంగారెడ్డి, సంగారెడ్డి ప్రాంతాల ఇటుక బట్టీలకు వస్తాయి. వారి నివాసం వరుసగా పేర్చిన ఇటుకల గోడలతో, పైన రేకు గాని పాలిథీన్ పట్టా గాని కప్పిన గూడు. పెద్దవాడు లోపల నిటారుగా నిలబడలేడు. బట్టీల వద్ద బడులు తెరచి, ఒడియా పాఠ్యపుస్తకాలు తెప్పించి, ఆ భాష తెలిసినవారితో చదువు చెప్పించిన మంచి ప్రయత్నాలు తెలంగాణలో జరిగాయి. పుస్తకం వచ్చింది గాని, దానిని పెట్టుకొనే ఎత్తయిన చోటు రాలేదు. ఇటు తెలుగువారి వలసలూ తక్కువేమీ కావు. కర్నూలు పశ్చిమ మండలాల నుండి గుంటూరు మిరపచేలకు, పాలమూరు నుండి ముంబై కట్టడపు పనులకు పోయే తల్లిదండ్రులు పిల్లలను వెంట తీసుకుపోతారు, లేదా ఊళ్లోని తాత్కాలిక వసతిగృహాలలో వదలి వెళతారు. వసతిగృహంలో పిల్లవాడికి సొంతమైన సామాను ఒక్క ట్రంకు పెట్టె. బట్టలు దాచే బీరువా అదే, రాసుకొనే బల్ల కూడా అదే. పిల్లలు తమంతట తామే దానిని బల్లగా చేసుకొన్నారంటే, వారి అవసరమేమిటో వేరే సాక్ష్యం అక్కరలేదు.

బల్ల లేకపోతే చదువు కుంటుపడుతుంది. మంచం లేకపోతే ప్రాణానికే ముప్పు రావచ్చు. 2000 నుండి 2019 వరకు ఇరవై ఏళ్లలో భారతదేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. వారిలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలే. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఒడిశాతో పాటు, తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది. నేల మీద నిద్రించేవారిని కాటు వేస్తుంది. కాటు వద్ద నొప్పి, వాపు స్వల్పం కావడంతో నిద్రలోని పిల్లవాడికి తెలియకుండానే విషం ఎక్కుతుంది. కనుకనే నేల మీద పడుకోవద్దని, ఎత్తయిన మంచం మీద దోమతెర కట్టుకొని పడుకొమ్మని వైద్యులు చెబుతారు. ఊరి వడ్రంగి చేసిన నులకమంచం ఆ పనికి చాలు. దీనిని విలాసమనడం అన్యాయం.

ఇవ్వాలనుకొనేవారు కూడా ఆలోచించి ఇవ్వాలి. పట్టణాలలో ఇల్లు మార్చేటప్పుడు పాత సోఫాను పేదలకు దానం చేసి సంతృప్తి పడేవారున్నారు. ఆ సోఫా గుడిసెలో సగం స్థలం ఆక్రమించి, దాత ఇంటిలోని ఇరుకును గ్రహీత ఇంటికి మార్చడం తప్ప మరే ప్రయోజనమూ నెరవేర్చదు. పెద్దల కుర్చీలో కూర్చున్న ఆరేళ్ల పిల్లవాడి కాళ్లు గాలిలో వేలాడుతాయి. బల్ల అంచు గడ్డానికి తగులుతుంది. పిల్లలకు ఇచ్చేది వారి మోచేతి ఎత్తుకు తగినదై ఉండాలి. వలస కుటుంబానికైతే మడిచి, మూటలతో పాటు లారీలో వేసుకొని పోగలిగినంత తేలికగా ఉండాలి. మడత కాళ్ల చిన్న బల్ల, మడిచే నవారు మంచం ఇందుకు అనువైనవి. ఐ.టి.ఐ.లలో వడ్రంగం నేర్చుకొనే విద్యార్థులు సాధన కోసం చేసే వస్తువులలో ఇవి కొన్ని ఉండవచ్చు. గోడకు వేలాడదీసే నమూనాల కన్నా అవి మేలు.

అయినా వలస పిల్లల భారమంతా దాతల మీద వేయడం సమంజసం కాదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కార్మికులకు తగిన వసతి కల్పించే బాధ్యతను గుత్తేదారు మీద ఉంచింది. వసతి అంటే నాలుగు గోడలని సరిపెట్టుకోవడం వల్ల లోపలి వస్తువుల ప్రశ్న ఎన్నడూ రాలేదు. బలాంగీర్ ప్రాంతంలో బట్టీ పనికి బయానా ఇచ్చేటప్పుడు కుటుంబాన్ని ‘పథురియా’ అనే లెక్కన కుదుర్చుకుంటారు. ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక పిల్ల కలిస్తే ఒక పథురియా. పచ్చి ఇటుకలను ఎండకు తిరగవేయడం ఆ పిల్ల వంతు. పనికి కుదుర్చుకొనేనాడు ఆ పిల్లను లెక్కించిన యజమాని, గూడు చూపేనాడు కూడా లెక్కించాలి. ఆ చేతులను ఇటుకల నుండి తప్పించి, వాటి ముందు ఒక బల్ల ఉంచే బాధ్యతను అతడికి గుర్తుచేయవలసినవారు, తనిఖీకి వెళ్లే కార్మికశాఖ, విద్యాశాఖ అధికారులు.