స్త్రీలు – వృత్తులు: వ్యాయామము నేర్పు విద్య

గడచిన మాసమున తిరుపతి నుండి యొక తల్లి మాకు జాబు వ్రాసిరి. వారి కుమార్తె బి.ఏ. చదివి, స్త్రీలకు వ్యాయామము నేర్పుటయే తన వృత్తిగా గైకొందునని పట్టుపట్టి యున్నదట. నేటి పలుకుబడిలో దీనిని పర్సనల్ ట్రైనరు పని యందురు. ఇల్లిల్లు తిరిగి యొకరిచేత గుంజిళ్లు తీయించుట గౌరవమైన పనియేనా యనియు, దానివలన బ్రతుకు గడచునా యనియు, పెండ్లిసంబంధము వచ్చినప్పుడు నలుగురిలో నేమని చెప్పుకొందుమనియు ఆ తల్లి యడిగిరి. ఈ ప్రశ్నలు వారి యొక్కరివే కావు. చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి మొదలగు చోట్లను ఇట్టి తల్లులు పెక్కుమంది యుందురు. కావున ఈ మాసపు శీర్షికను వారికొరకే వినియోగించుచున్నాము.

ముందుగా ఈ విద్య మనకు అవసరమా యన్నది చూతము. అలిపిరి నుండి తిరుమలకు కాలిబాటను సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దూరము కలవు. శ్రీవారి మెట్టు త్రోవను సుమారు 2,388 మెట్లు. మ్రొక్కుకొని, ఏండ్ల తరబడి వాయిదా వేసి, ఏబదవ యేట ఎక్కబోయి నడుమ మోకాళ్లు పట్టుకొని కూలబడు గృహిణులను మనమెల్లరము చూచినవారమే. ఎక్కుటకంటె దిగుటలో మోకాళ్లపై భారము హెచ్చు. తొడ కండరములు బలముగా నుండినచో ఆ భారములో కొంత యవి మోయును. లేనియెడల అది కీళ్లపై బడును.

ఇంటిపని చేయువారికి వేరే వ్యాయామ మెందుకని యడుగువారు కలరు. ఇంటిపని శ్రమయే, కాదనము. కాని యది ప్రతిదినమును అదే బరువును, అదే వంగుబాటును కోరునే గాని, కండరమునకు క్రమక్రమముగా భారమును హెచ్చింపదు. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట కండ మెల్లగా తరుగును. ముట్లుడిగిన పిమ్మట ఎముకల గట్టిదనము వేగముగా తగ్గును. పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషములు ఒక మోస్తరు శ్రమయు, రెండు దినములైనను కండరములకు బలము గూర్చు వ్యాయామమును చేయవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించినది. ఎముక విరిగినచో పుత్తూరు కట్టునకై పరుగిడుట మన సీమలో నందరెరిగినదే. విరుగక మునుపే దానిని గట్టిపరచు విద్యకు మాత్రము ఒక రూపాయి వెచ్చింప వెనుదీయుదుము.

ఇక గౌరవము మాట. కలియుగ భీముడని ప్రజలు కొనియాడిన కోడి రామమూర్తి నాయుడుగారు సర్కసు పెట్టకమునుపు విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయులే. శ్రీకాకుళము సీమకు చెందిన కరణం మల్లేశ్వరిగారు 2000లో సిడ్నీ నగరపు ఒలింపిక్ క్రీడలందు 240 కిలోల మొత్తము బరువెత్తి, ఆ క్రీడలలో పతకము పొందిన మొదటి భారతీయ స్త్రీయైరి. వారే 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతిగా నియమింపబడిరి. బరువెత్తుట స్త్రీకి తగదన్న మాట అంతటితో చెల్లిపోవలసినది. వీణ నేర్పుటకు పంతులమ్మగారు ఇంటికి వచ్చినప్పుడు మన మెవరము చిన్నతనముగా తలంపలేదు. శరీరమును నిలువబెట్టు విద్య నేర్పునామె యేల చులకన కావలయును?

అయితే నాలుగు ఆసనములు వచ్చినంతమాత్రమున ఎవరును గురువు కాజాలరు. చెన్నపట్టణమున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల 1920 నుండి కలదు. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ 1961లో ఏర్పడినది. క్రీడలకును దేహదార్ఢ్యమునకును ఏర్పడిన నైపుణ్య మండలి వారి ఫిట్‌నెస్ ట్రైనరు యోగ్యతాపత్రమును కలదు. తిరుపతిలోనే స్విమ్స్ వారి ఫిజియోథెరపీ కళాశాల కలదు గాని, అది దీర్ఘమైన వైద్యసంబంధమగు చదువు. ఏ త్రోవ పట్టినను కండరముల అమరిక, గుండె పనితీరు, ప్రమాదమందు ప్రథమ చికిత్స నేర్వనిదే ఒకరి శరీరముపై అధికారము వహింపరాదు. పొరపాటు చేసినచో బాధ పడునది శిష్యురాలు.

మొదటినాడు కసరత్తు చేయింపక ప్రశ్నలడుగవలయును. ఎదలో నొప్పి, కండ్లు తిరుగుట, రక్తపు పోటు, ఇటీవలి శస్త్రచికిత్స, గర్భము, ఇన్సులిన్ వాడుక వీనిలో నేది యున్నను వైద్యుని యనుమతి పిదపనే పాఠము. తరువాత కుర్చీపై కూర్చుండబెట్టి, చేతుల సాయము లేక ముప్పది సెకండ్లలో నెన్నిమారులు లేచి కూర్చుండగలదో లెక్కించి పుస్తకమున వ్రాసికొనవలయును. నెల గడచిన పిమ్మట మరల లెక్కించినచో అభివృద్ధి కంటికి గనబడును. అటుపిమ్మట ఎత్తు తక్కువ మెట్టు, ఆపైన చేతిలో రెండు కిలోల బియ్యపు సంచి, ఇట్లు మెల్లగా హెచ్చింపవలయును. నెలకు పది కిలోలు తగ్గింతునని యెన్నడును మాట యీయరాదు. వారమునకు అరకిలో తగ్గుటయే మేలు. రాగిసంగటి మాన్పించి డబ్బాల పొడులమ్మి లాభము దీయుట గురుత్వము గాదు, బేరము. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు గలదని ఆమె యెరిగియుండవలయును.

బ్రతుకు గడచునా యన్నచో, లెక్క వేసి చూతము. ఆరుగురు శిష్యురాండ్రకు వారమునకు మూడేసి పాఠములు చెప్పినచో పదునెనిమిది గంటలగును. ఉదయమును సాయంకాలమును పని, మధ్యాహ్నము తీరిక. ఒకే వీథిలోని ముగ్గురిని ఒక యింట జేర్చి, ఒక్కొక్కరి వద్ద సగము రుసుము గైకొన్నను, ఒక గంటకు ఒకటిన్నర పాఠముల రాబడి వచ్చును, తిరుగుడు తగ్గును. రుసుము నెల మొదటనే పుచ్చుకొనవలయును. పండుగలు, పెండ్లిండ్లు, పిల్లల పరీక్షలు వచ్చినప్పుడు శిష్యురాండ్రు మానుదురు గావున మూడు నెలల ఖర్చునకు సరిపడు ధనము నిలువ చేసికొనినగాని అద్దె హాలు జోలికి పోరాదు. క్రొత్త యింటికి మొదటిసారి తోడుతో పోవుట, ఎక్కడికి పోవుచున్నదో, ఎప్పుడు తిరిగివచ్చునో ఇంట చెప్పిపోవుట తప్పనిసరి నియమములు. కొండ యెక్కదలచిన స్త్రీలను మూడు నెలలు ముందుగా సిద్ధపరచు విద్య తిరుపతిలో మిక్కిలి చెల్లునని మా తలంపు.

జాబు చివర ఆ తల్లి మరియొక వాక్యము వ్రాసిరి. పదునైదేండ్లుగా మెట్ల మ్రొక్కు మిగిలియున్నదనియు, మోకాళ్లు సహకరింపవనియు. అమ్మా, మీ ప్రశ్నలకు సమాధాన మందే కలదు. మీ కుమార్తెకు మొదటి శిష్యురాలు మీరే కండు. మొదటినాడే మిమ్ము కసరత్తునకు నిలువబెట్టినచో, ఇంకొక యేడు చదివి రమ్మని చెప్పుడు. ముందు మోకాళ్లను వైద్యునికి చూపింపుమని పట్టుపట్టినచో ఆమెకు ఈ వృత్తి తగునని నమ్ముడు. మూడు నెలల పిదప మీ మోకాళ్లు చెప్పు సాక్ష్యమునుబట్టి వియ్యాలవారికి చెప్పవలసిన మాట మీకే తోచును.