కాల్చిన రంగు, పూసిన రంగు

సబ్బవరం చుట్టుపక్కల కొత్తగా లేస్తున్న ఇళ్ల వంటగదుల్లో గుజరాత్ మోర్బీ టైల్స్ మెరుస్తుంటాయి. వాటిలో టర్కీ తరహా నీలిపూలవీ ఉంటాయి, అన్నీ యంత్రం అచ్చువేసినవే. చేతిపని చూడాలనుకునేవారు ఇస్తాంబుల్ దాకా వెళ్లనక్కర్లేదు. చార్మినార్‌కు దగ్గర్లోని బాద్‌షాహీ అషూర్‌ఖానా చాలు. అది అచ్చంగా టర్కీ పని కాదు గానీ, దానికి దాయాది.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1590లలో కట్టించిన ఈ రాజుగారి పీర్ల చావిడికి 1611 నాటికి పలకల అలంకారం పూర్తయింది. అప్పుడే ఇస్తాంబుల్‌లో సుల్తాన్ అహ్మద్ మసీదు లేస్తోంది. దాని లోపలి గోడలకు టర్కీలోని ఇజ్నిక్ ఊళ్లో చేసిన పలకలు ఇరవై వేలకు పైగా పట్టాయి. ఈ రెండింటికీ చుట్టరికం ఇరాన్‌లోని తబ్రీజ్‌లో కలుస్తుంది. కుతుబ్ షాహీలు కారా కొయున్లు తుర్క్‌మెన్ వంశీకులు. తబ్రీజ్‌లోని నీలి మసీదు (1465) ఆ వంశపు జహాన్ షా కాలంలో కట్టిందే. అంతకుముందే టర్కీలోని బుర్సాలో ఆకుపచ్చ మసీదు పలకల మీద తబ్రీజ్ పనివారు తమ ఊరి పేరు రాసుకున్నారు.

పనితనం మాత్రం వేరు. ఇజ్నిక్‌లో పలుగురాయి పొడి ఎక్కువగా కలిపిన పలకకు తెల్లటి పూత పూసి, కోబాల్టుతో నీలం, రాగితో పచ్చలరంగు దిద్ది, పైన గాజుపూత పోసి కాలుస్తారు. ఇనుము కలిసిన మట్టితో వచ్చే పగడపు ఎరుపు 1550లలో గానీ కుదరలేదు. హైదరాబాద్‌లోనైతే ఒక్కో రంగు పలకను ముక్కలుగా కోసి, పక్కపక్కన పొదిగారు. నీలం పక్కన ఆవపిండి పసుపు! అది దక్కను అభిరుచి. నడిమి గోడ మీద పీరు ఆకారం నిలువెత్తున వెలుగుతుంది.

1908 మూసీ వరద ఆ గోడ కింది భాగాన్ని పాడుచేసింది. ఊడిన పలకల స్థానంలో అదే నమూనాను రంగులతో చిత్రించారు. పైన కొలిమిలో కాలిన రంగు, కింద కుంచె రంగు. ఆ కుంచె పట్టినవారిని తప్పుపట్టలేం, పొదిగే చేతులు అప్పటికి కరువయ్యాయి. గోడను మాత్రమే కాపాడి విద్యను వదిలేస్తే మిగిలేది ఈ పూతే. టర్కీ ఆ చేతుల్ని నిలుపుకుంది గనకే 2016లో యునెస్కో అక్కడి పలకల పనిని, ‘చిని’ని, అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

మన ఫైన్ ఆర్ట్స్ విభాగాలు విద్యార్థులను అజంతాకు తీసుకెళ్లే దారిలో ఒక పూట ఈ గోడ ముందు కూర్చోబెట్టాలి. చేతిలో కుంచెతో పాటు మట్టిముద్ద కూడా ఉండాలి.